మేకుకు వేలాడిన పలక

మెడ వెనక పురికొస గీరుకోగానే నా అరికాళ్ళు చురుక్కుమన్నాయి. కాళ్ళకు చెప్పులున్నాయి, కింద నున్నటి టైల్స్ ఉన్నాయి, నడినెత్తిన ఫ్యాను తిరుగుతోంది. అయినా చురుక్కుమన్నాయి. మొన్న ప్రొద్దుటూరులో ఇంగ్లీషు టీచర్లకు మూడు రోజుల శిక్షణ పెట్టారు. పులివెందుల నుంచి పొద్దున్నే బస్సెక్కి, నడుము పట్టేసి, అక్కడికి చేరేసరికే సగం ప్రాణం పోయింది. మాకు పాఠం చెప్పడానికి వచ్చిన అబ్బాయికి నా కొడుకు వయసుంటుంది. సంచిలో నుంచి అట్టముక్కలు తీశాడు. ఒక్కోదాని మీద ఒక్కో ఇంగ్లీషు మాట రాసి, రెండు చిల్లులు పొడిచి, పురికొస కట్టాడు. అవి మా మెడల్లో వేసి, మమ్మల్ని వరుసగా నిలబెట్టి, వాక్యం తయారు చేయడం కొత్త పద్ధతి అన్నాడు. నా అట్ట మీద ‘ఎట్ ద బస్టాండ్’ అని ఉంది. చోటు చెప్పే మాట కాబట్టి నన్ను వరుస చివరికి పొమ్మన్నాడు. నాకు నవ్వొచ్చింది. పక్కనున్న టీచరమ్మ ఎందుకు నవ్వుతున్నావక్కా అని అడిగింది. ఏమని చెప్పేది? ఆ పురికొస నా మెడలో పడి ముప్పై ఏళ్ళు దాటింది తల్లీ అని చెప్పాలంటే పెద్ద కథ. ఏదో గుర్తొచ్చిందిలే అని చెప్పి, పోయి చివర్న నిలబడ్డాను.

ఆ పద్ధతి మాకు చూపించినాయన శేషాచలం సారు. జమ్మలమడుగు హైస్కూల్లో మాకు ఇంగ్లీషు చెప్పేవారు. వాళ్ళది పురోహితుల కుటుంబం. ప్రొద్దుటూరులో తండ్రి, అన్న పెళ్ళిళ్ళూ తద్దినాలూ చేయిస్తుంటే ఈయన ఒక్కడే బడిపంతులయ్యాడు. సన్నగా, పొడుగ్గా, చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుని ఉండేవారు. సుద్దముక్కలను వాడేసిన బస్సు టికెట్లలో చుట్టి జేబులో వేసుకునేవారు. రోజూ ప్రొద్దుటూరు నుంచి బస్సులో వచ్చినా బడి గంట కొట్టకముందే వరండాలో ఉండేవారు. అప్పట్లో మా హెడ్మాస్టరు ప్రార్థన కాగానే టీచర్ల హాజరు పట్టీలో ఎర్రసిరాతో ఒక గీత గీసేవాడు. ఆలస్యంగా వచ్చినవాళ్ళు ఆ గీత కింద సంతకం పెట్టాలి. శేషాచలం సారు సంతకం ఏనాడూ ఎర్రగీత కిందికి దిగలేదని బడి మొత్తం చెప్పుకునేది. ఆయనకు దాని మీద కొంచెం గర్వం కూడా ఉండేదని నా అనుమానం.

మాది మైలవరం డ్యాము కట్టకు అవతల పల్లె. గొర్రెలు మేపుకునే ఇళ్ళు. నాయనకు నూటికి తగ్గకుండా గొర్రెలుండేవి. నా పేరు ఓబులమ్మ. మా పల్లె నుంచి జమ్మలమడుగు హైస్కూలుకు పోయే పిల్లలం ఆరుగురం, అందులో ఆడపిల్లను నేనొక్కదాన్నే. మా బస్సు జమ్మలమడుగులో పొద్దున్నే బయలుదేరి, పల్లెలన్నీ చుట్టి, పాలక్యాన్లూ గడ్డిమోపులూ ఎక్కించుకుని తిరిగి వచ్చేది. అది ఒక్కరోజు కూడా గంట వేళకు బడి దగ్గరికి చేరిన పాపాన పోలేదు. మేము దిగి పరుగెత్తి వచ్చేసరికి మొదటి పీరియడు మొదలై ఉండేది. తొమ్మిదో తరగతికి మొదటి పీరియడు ఇంగ్లీషే.

సారు పాఠం గదిలో చెప్పేవారు కాదు, వరండాలో చెప్పేవారు. చిన్న తరగతుల పిల్లలు పగలగొట్టి పారేసిన పలకలు ఏరుకొచ్చి, చెక్క అంచులకు పురికొస కట్టి ఉంచుకునేవారు. పలకకొక మాట రాసి పిల్లల మెడల్లో వేసేవారు. ఎవరి పలకలో ‘ఐ’ ఉంటే వాళ్ళు మొదట. పని చెప్పే పలక ఆ పక్కన. చోటు చెప్పే పలకలు కడాన. నోటితో నేర్చుకున్నది మాపటికి మరిచిపోతారు, కాళ్ళతో నిలబడి నేర్చుకున్నది చచ్చేదాకా గుర్తుంటుంది అనేవారు. అది నిజమే. నాకు ఇప్పటికీ గుర్తుంది.

మన తెలుగులో చోటు ముందు వస్తుంది. ‘జమ్మలమడుగులో మా అత్త ఉంది’ అంటాం. ఎక్కడో తేల్చుకున్నాక గానీ ఎవరో చెప్పబుద్ధి కాదు మనకు. ఇంగ్లీషులో అత్త ముందు, ఉండడం తర్వాత, జమ్మలమడుగు చిట్టచివర. చోట్లు రెండు మూడు ఉంటే చిన్నది ముందు, పెద్దది తర్వాత: ఇల్లు, వీధి, ఊరు. మాకది తలకిందులుగా నడిచినట్టుండేది. అందరి నోటా ‘ఇన్ జమ్మలమడుగు మై ఆంట్ ఈజ్’ అనే వచ్చేది. సారు తిట్టేవారు కాదు, కొట్టేవారు కాదు. ‘యాడ అనేది చివర్న, చివర్న’ అంటూ వరుస పక్కన అటూ ఇటూ నడిచేవారు. మామూలుగా పుస్తకంలా మాట్లాడే మనిషి, ఆ ఒక్క ‘యాడ’ మాత్రం మా నోటి నుంచి తీసుకున్నారు.

ఇక మా సంగతి. వరుస ముందే కట్టి ఉండేది కాబట్టి, ఆలస్యంగా వచ్చిన మేము పోయి చివర్న నిలబడేవాళ్ళం. చివర్న నిలబడితే మెడలో పడేది చోటు పలకే. మొదట్లో ఎవరూ అనుకుని చేసింది కాదు. రోజూ జరిగి జరిగి అలవాటైపోయింది. నేను ‘ఇన్ ద ఫీల్డ్’, మా పక్కింటి పుల్లన్న ‘నియర్ ద వెల్’, ఇంకొకడు ‘అండర్ ద ట్రీ’. ‘ఐ’ పలక ఎప్పుడూ సుజాత మెడలో ఉండేది. తాలూకాఫీసు గుమాస్తా కూతురు, బడి వీధిలోనే ఇల్లు. మంచి పిల్ల, ఆమె తప్పేం లేదు. ఐదారు నెలలు గడిచేసరికి పిల్లలు మమ్మల్ని ఆ పేర్లతోనే పిలవడం మొదలుపెట్టారు. నీళ్ళ తొట్టి దగ్గర కూడా ‘ఇన్ ద ఫీల్డూ, చివరికి పో’ అనేవాళ్ళు.

ఆ మాటలు పడొచ్చు. పల్లె పిల్లలం, మాటలకు చర్మం మందమే. పడలేనిది ఇంకొకటుంది. ఆ వరండాకు కప్పు వరుస మొత్తానికి చాలేది కాదు. మొదటి నలుగురైదుగురి వరకే నీడ. చోటు పలకలవాళ్ళం కప్పు దాటి, మెట్టు దిగి, వాకిట్లో పరిచిన నాపబండల మీద నిలబడాలి. కడప ఎండ సంగతి తెలిసినవాళ్ళకు నల్లటి నాపబండ సంగతి చెప్పనక్కర లేదు. శివరాత్రి పోయిన తర్వాత పొద్దున పదికే అది పెనం అయ్యేది. మాకు చెప్పులు లేవు. ఒక కాలి మీద ఇంకో కాలు పెట్టి మార్చి మార్చి నిలబడేవాళ్ళం. సారు చెప్పులు వేసుకుని నీడలో నడుస్తూ ‘కదలకూడదు, వాక్యం చెదిరిపోతుంది’ అనేవారు. ఆయనకు బండ కాలుతోందని తెలియదు. చెప్పడానికి మాకు నోరు లేదు.

ఒకరోజు ఎలాగైనా ముందు నిలబడాలని పట్టుబట్టాను. పాల వ్యాను మా పల్లెకు చీకటితోనే వచ్చేది. దాని డ్రైవరు మామను బతిమాలి, క్యాన్ల మధ్య కూర్చుని బడికి పోయాను. గేటు కూడా తీయలేదు. తీశాక పోయి, వరండాలో గోడకు ఆనుకుని, మొదటి నలుచదరపు బండ మీద నిలబడ్డాను. అది చల్లగా ఉంది. ఆ చల్లదనం నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది. గంట కొట్టారు, సారు వచ్చారు, పలకల కట్ట విప్పారు. తల ఎత్తకుండానే ‘ఐ’ పలక తీసి చెయ్యి చాచారు. నేను మెడ ముందుకు వంచాను. ఆయన నన్ను చూసి, ఏదో తప్పుగా అమర్చిన సామాను చూసినట్టు ఆగి, ‘నువ్వు చివర్న కదా ఉండేది, పో’ అన్నారు. కోపంగా అనలేదు. కోపంగా అనుంటే బాగుండేది. నేను పోయాను. సుజాత వచ్చి నిలబడింది. ఆ పీరియడు అయిపోయేదాకా నేను కాలు మార్చలేదు. కాలితే కాలనీ అనుకున్నాను.

మరుసటి రోజు నుంచి బడికి పోలేదు. ఇంట్లో ఎవరికీ కారణం చెప్పలేదు. గొర్రెల వెంట పోయాను. నాయన రెండు రోజులు చూశాడు, మూడో రోజు అడిగాడు, నాకు చదువు రాదన్నాను. గొర్రె తోక ఎప్పుడూ బెత్తెడే, మనకెందుకమ్మా ఇంగ్లీషు అన్నాడు. నిజం చెప్పాలంటే ఆయనకు ప్రాణం లేచొచ్చింది. మా అన్న అప్పటికే గొర్రెలొదిలి ప్రొద్దుటూరులో బట్టలంగట్లో పనికి కుదిరాడు. మందకు ఇంకో మనిషి కావాలి. అమ్మ ఒక్కతే రాత్రి అన్నం పెడుతూ, నీ ఇష్టమేనా ఇది అని అడిగింది. నేను పళ్ళెంలోకి చూస్తూ ఊఁ అన్నాను.

పదిహేను రోజులు బడికి రాకపోతే పేరు కొట్టేస్తారు. అలా కొట్టేయించుకోవడం మర్యాద కాదని, టీసీ తీసుకుంటేనే పద్ధతని నాయన నన్ను వెంటబెట్టుకుని జమ్మలమడుగు వచ్చాడు. ఆ రోజు హెడ్మాస్టరు లేడు, ఏదో మీటింగుకు కడప పోయాడు. స్టాఫు రూములో శేషాచలం సారు ఒక్కరే ఉన్నారు. నాయన తలపాగా తీసి చంకలో పెట్టుకుని, పిల్లకు చదువు ఎక్కలేదు సామీ, పేరు తీసేయండి అన్నాడు. సారు నన్ను చూసి ఆశ్చర్యపోయారు. బాగా చదివే పిల్ల గదా, ఎందుకు మానిపిస్తున్నావు అని నాయన మీద గట్టిగానే లేచారు. గొర్రెల కోసం ఆడపిల్ల బతుకు చెడగొడతావా అన్నారు. నాయన తల వంచుకుని నిలబడ్డాడు. ఆయన చెయ్యని తప్పుకు ఆయన్ను తిట్టడం నేను చూడలేకపోయాను.

“మా నాయన మానిపీలే సార్. నేనే మానుకున్యా. ఎప్పుడూ మమ్మల్నే ఎండలో నిలబెడతారు. ఒక్కనాడన్నా నాకు ‘ఐ’ పలక ఇయ్యలే.”

సారు ముఖం ఎర్రబడింది. ఆయన చెడ్డ మనిషి కాదు గానీ దేవుడూ కాదు. చిన్న పిల్ల ఎదురుగా నిలబడి తప్పు చూపిస్తే ఎవరికైనా పౌరుషం వస్తుంది. “మీ బస్సు లేటుగా వస్తే నేనేం చేసేది? దానికి చదువు మానేస్తారా ఎవరైనా?” అని టేబులు మీది పుస్తకాలు సర్దుకుంటూ అన్నారు. టీసీ మీద హెడ్మాస్టరు సంతకం కావాలి, సోమవారం రమ్మన్నారు. అంతే. బస్టాండులో నాయన నాకు బొరుగులు కొనిపెట్టి, కాళ్ళు చూపించమన్నాడు. అరికాళ్ళు చూసి, ముందే చెప్పింటే చెప్పులు కొనిచ్చేవాణ్ణి గదమ్మా అన్నాడు. చెప్పులతో పోయే సంగతి కాదు నాయనా అందామనుకుని, బొరుగులు నోట్లో పోసుకున్నాను.

సోమవారం పొద్దున మేమిద్దరం టీసీ కోసం మా పల్లె రోడ్డు మీద బస్సు కోసం నిలబడ్డాం. బస్సు వచ్చింది. ముందు పాలక్యాను ఒకటి లోపలికి పోయింది, తర్వాత పుల్లన్న ఎక్కాడు, తర్వాత నేను మెట్టు మీద కాలు పెట్టి తల ఎత్తితే లోపల శేషాచలం సారు నిలబడి ఉన్నారు. పైకమ్మీ పట్టుకుని, ఆ మెడదాకా గుండీలు పెట్టిన చొక్కా మీద పాలు ఒలికి, కాళ్ళ మధ్య ఎవరిదో గడ్డిమోపు ఇరుక్కుని ఉన్నారు. ప్రొద్దుటూరులో మొదటి బస్సెక్కి జమ్మలమడుగు వచ్చి, అక్కడి నుంచి ఖాళీగా బయలుదేరే మా బస్సెక్కి, పల్లెలన్నీ తిరిగి మా పల్లెదాకా వచ్చారట. ఎందుకొచ్చారో చెప్పలేదు. నాయన దండం పెట్టి, సీటు ఇప్పించబోతే వద్దన్నారు. దారంతా వాచీ చూసుకుంటూనే ఉన్నారు. రెండో పల్లె దగ్గర ఒక ముసలామె మేకను ఎక్కించడానికి పెనుగులాడుతుంటే బస్సు చాలాసేపు ఆగింది. సారు దిగి ఆ మేకను వెనక నుంచి నెట్టారు. నాయన నా వైపు చూసి నవ్వు ఆపుకున్నాడు.

బడికి చేరేసరికి ప్రార్థన అయిపోయింది. సారు హెడ్మాస్టరు గదిలోకి పోయి ఎర్రగీత కింద సంతకం పెట్టారు. పిల్లలంతా కిటికీల్లో నుంచి చూశారు. బయటికొచ్చి పలకల కట్ట తీసుకుని వరండాలోకి వచ్చారు. అలవాటు కొద్దీ పిల్లలే వరుస కట్టి ఉన్నారు. ఆయన ‘ఇన్ ద ఫీల్డ్’ పలక వెతికి తీసి తన మెడలో వేసుకున్నారు. మెట్టు దిగే ముందు చెప్పులు విప్పారు. పోయి వరుస చివర, నేను నిలబడే నాపబండ మీద నిలబడ్డారు. పాఠం సుజాతను చదవమన్నారు. ఆమె చదువుతోంది, ఆయన నిలబడ్డారు. కాసేపటికి ఒక కాలు ఎత్తి ఇంకో కాలి మీద పెట్టారు, మళ్ళీ మార్చారు. అచ్చం మాలాగే. అప్పుడు నాకు ఏడుపొచ్చింది. నాయన గేటు దగ్గర తలపాగా చేతిలో పట్టుకుని అంతా చూస్తున్నాడు. గంట కొట్టాక సారు మెట్టెక్కి, అందరూ వినేలాగానే అన్నారు.

“ఈ బండ ఇంత కాలుతుందని నాకు తెలీదమ్మా ఓబులమ్మా. తెలుసుకోవాల్సింది. తప్పు నాదే.”

పెద్దవాడు, పైగా సామి, పిల్లకు తప్పు నాదని చెప్పడం నాయన జీవితంలో చూడలేదు. నేనూ చూడలేదు. ఈ ఉద్యోగంలో ఇన్నేళ్ళయినా ఎక్కువసార్లు చూసిందేమీ లేదు. నాయన హెడ్మాస్టరు గదిలోకి పోలేదు. నా దగ్గరికొచ్చి, “నేను పోతాండా. మాపటికి బస్సులో వచ్చేయ్” అన్నాడు. టీసీ మాట ఆ తర్వాత మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. మందకు మనిషి చాలక ఆ ఏడు నాయన ముప్పై గొర్రెలు అమ్మేశాడు. అది నాకు చాలా ఏళ్ళ తర్వాత అమ్మ చెప్తే తెలిసింది.

మర్నాటి నుంచి సారు రెండు పనులు చేశారు. వరుసను అడ్డంగా కాకుండా వరండా గోడ వెంబడి మలుపు తిప్పి నిలబెట్టారు, అందరికీ నీడ దొరికేలా. ఇంత సులువు పని అన్ని నెలలు ఎవరికీ తట్టలేదు. రెండోది, వరండా స్తంభానికి ఒక మేకు కొట్టారు. పొద్దున పలకలన్నీ పంచేవారు, ‘ఐ’ పలక మాత్రం ఆ మేకుకు తగిలించేవారు. మా బస్సు వచ్చేదాకా అది అక్కడే వేలాడేది. మేము ఆరుగురం పరుగెత్తుకుంటూ వస్తే, మాలో రోజుకొకరి మెడలో అది పడేది. అప్పుడు గానీ వాక్యం మొదలయ్యేది కాదు. హెడ్మాస్టరు ఒకరోజు వచ్చి, పీరియడు సగం పోతాంది, మొదలుపెట్టండయ్యా అన్నాడు. సారు ఆయన వైపు చూసి, “బస్సు రాలేదు సార్. ఆగుతాం” అన్నారు. ఆయన గొంతు పెద్దది కాదు. ఆ మాట మాత్రం వరండా చివరిదాకా వినబడింది.

నా మెడలో మొదటిసారి ‘ఐ’ పలక పడిన రోజు ఏం జరిగిందని అడిగితే, పెద్దగా ఏమీ జరగలేదు. పురికొస గీరుకుంది, సిగ్గేసింది, వాక్యం తప్పు చెప్పాను. సారు పక్కకు పిలిచి, గొర్రె తప్పిపోతే మీ నాయన మీకు జాడ ఎలా చెప్తాడని అడిగారు. కట్ట కింద, తుమ్మచెట్టు పక్కన, రాతిగుండు మీద పడుకోనుంది అని చెప్తాడన్నాను. ఇంగ్లీషువాడికి దాన్ని తోక పట్టుకుని తిప్పి చెప్పు అన్నారు: ముందు గొర్రె, తర్వాత పడుకోవడం, తర్వాత గుండు, చెట్టు, ఆఖరికి కట్ట. చెప్పాను. తప్పు పోలేదు. మాపటికి ఇంటికొచ్చి నాయనకు చెప్తే, “గొర్రె ముందే దొరికినాక ఇంక యాడుందని చెప్పేది దేనికి?” అన్నాడు. మరుసటి రోజు అది సారుకు చెప్పాను. ఆయన అంతగా నవ్వడం నేను అదే చూడటం. మీ నాయన మాటకు ఇంగ్లీషువాడి దగ్గర జవాబు లేదు అన్నారు.

చదువుకున్నాను, బీఈడీ చేశాను, చక్రాయపేట దగ్గర మొదటి ఉద్యోగం వచ్చింది. ఆ కాగితం పట్టుకుని ప్రొద్దుటూరులో సారు ఇంటికి పోయాను. అప్పటికే ఆయనకు మతిమరుపు బాగా ముదిరింది. కొడుకూ కోడలే మాట్లాడారు. ఓబులమ్మను సార్ అన్నాను, తెలియలేదు. జమ్మలమడుగు హైస్కూలన్నాను, ఆయన కిటికీలోకి చూస్తూ కూర్చున్నారు. చివరికి, మైలవరం బస్సు పిల్లను సార్ అన్నాను. తల తిప్పి నన్ను చూశారు. “బస్సొచ్చిందా?” అని అడిగారు. వచ్చింది సార్ అన్నాను. సరే అన్నట్టు తల ఊపి మళ్ళీ కిటికీ వైపు తిరిగారు. ఆ ఏడాదే పోయారు. కబురు నాకు ఆలస్యంగా తెలిసింది.

ఇంతవరకూ చెప్పి ఆపేస్తే నేను మంచిదాన్ని అనిపించుకోవచ్చు. ఉద్యోగం చేసిన మొదట్లో నేనూ గోడకు మేకు కొట్టాను. పలక తగిలించాను, ఆగాను. తర్వాత తర్వాత ఎప్పుడు మానుకున్నానో నాకే తెలియదు. బదిలీలు, పిల్లలు, ఇంట్లో జబ్బులు, మోకాళ్ళు. ఇప్పుడు పొద్దున బడికి పోగానే ఫోను పట్టుకోవాలి. నా ముఖం ఫొటో, మరుగుదొడ్ల ఫొటో, మధ్యాహ్న భోజనం కోడిగుడ్ల ఫొటో, వేళలోపు పిల్లల హాజరు. వేళ దాటితే ఫోనులో మన పేరు ఎర్రగా మారుతుంది, పైనుంచి మెసేజీ వస్తుంది. పాఠం చెప్పడానికి మిగిలేది చివర్న ఏదో కాస్త ఓపిక. అది కూడా రోజూ మిగలదు.

మా తొమ్మిదో తరగతిలో లక్ష్మీదేవి అని ఒక పిల్ల ఉంది. ఉంది అనకూడదేమో, ఉండేది. పులివెందులకు పైన అరటి తోటల మధ్య పల్లె. వాళ్ళమ్మానాన్నలు తోటల్లో గెలలు మోస్తారు. ఆ పల్లె బస్సు రోజూ ఆలస్యమే. పిల్ల వచ్చేసరికి హాజరు అయిపోయి ఉంటుంది, పాఠం మొదలై ఉంటుంది. మధ్యలో లోపలికి వస్తే అందరి ధ్యాసా చెదురుతుందని వాకిలి దగ్గర నిలబెట్టేదాన్ని. ఒకరోజు తల నొప్పిగా ఉండి, “రోజూ ఇదే కథ. మీ బస్సు లేటుగా వస్తే నేనేం చేసేది?” అన్నాను. ఆ వారం నుంచి ఆ పిల్ల రాలేదు. బడి మానేసినవాళ్ళ పట్టికలో కారణం రాయమంటే ‘కుటుంబ పని’ అని రాశాను. ఆ పిల్లను అడగలేదు, వాళ్ళమ్మను అడగలేదు. బస్సు గురించి నేనన్న ఆ మాట ఎక్కడ విన్నానో కూడా నాకు గుర్తు రాలేదు.

ప్రొద్దుటూరులో ఆ పురికొస మెడలో పడి, వరుస చివర్న నిలబడ్డాక గుర్తొచ్చింది. అదే మాట. స్టాఫు రూములో పుస్తకాలు సర్దుకుంటూ సారు నాతో అన్న మాట. ఆయన అన్న తప్పు మాట నాకు అక్షరం పొల్లుపోకుండా వచ్చింది, ఆ తర్వాత ఆయన చేసింది మాత్రం రాలేదు. శిక్షణ ఇచ్చే అబ్బాయి ‘కదలొద్దు మేడం, వాక్యం చెదిరిపోతుంది’ అంటున్నాడు. నాకు అక్కడ నిలబడటం సిగ్గనిపించింది. మిగతా రోజు ఏం చెప్పారో ఒక్క ముక్క తలకెక్కలేదు.

శిక్షణ అయిన మర్నాడు పొద్దున్నే పులివెందుల బస్టాండుకు పోయి ఆ పల్లె బస్సెక్కాను. ఖాళీ బస్సు. కండక్టరు వచ్చి, “యాడికి మేడం? ఇది పల్లెకు పోయేది, మళ్ళా తిరుక్కోని వస్తాది” అన్నాడు. తెలుసు నాయనా అని టికెట్టు తీసుకున్నాను. రోడ్డు గతుకులకు మోకాళ్ళు రెండూ కలుక్కుమన్నాయి. వాచీ చూసుకోకూడదనుకున్నాను గానీ చూసుకుంటూనే ఉన్నాను. నా పేరు ఆ పొద్దు ఫోనులో ఎర్రబడుతుందని తెలుసు.

తోట గట్టు మీద లక్ష్మీదేవి అరటాకులు కట్టలు కడుతోంది. నన్ను చూసి లేచి, చేతులు లంగాకు తుడుచుకుంది. వాళ్ళమ్మ పరుగెత్తుకొచ్చి, మా పిల్ల ఏం తప్పు చేసింది మేడం అని అడిగింది. తప్పు పిల్లది కాదమ్మా, నాది అన్నాను. ఆ మాట అనడం ఇంత కష్టమని నాకు తెలియదు. సారు అంత మంది పిల్లల ముందు ఎలా అన్నారో. పుస్తకాల సంచి తెచ్చుకో, బస్సు తిరిగొస్తోంది, ఇద్దరం కలిసి పోదాం అన్నాను. పిల్ల కదల్లేదు. వాళ్ళమ్మ ముఖం చూసింది, మట్టి కొట్టుకున్న నా కాళ్ళ వైపు చూసింది.

“రేపు నుంచి కూడా బస్సు లేటుగానే వస్తాది మేడం.”

“రానీలే. ఆగుతాం.”